హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో పాత ఫైల్ మీద కొత్తది పడకుండా ఆపేదెలా?

ప్రశ్న:
మా హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో (ఫైళ్లను చాలా మెషీన్ల మీద దాచే హడూప్ ఫైల్ సిస్టమ్) ఒకే డైరెక్టరీలోకి రెండు టీమ్‌ల జాబ్‌లు రాస్తుంటాయి. మొన్న అవతలి టీమ్ స్క్రిప్ట్ ఫైల్‌ను అందులోకి ఎక్కించే పుట్ కమాండ్‌ను -ఎఫ్‌తో (అదే పేరుతో ఫైల్ ఉన్నా మీద రాసేయమని) నడిపింది. మా రిఫరెన్స్ ఫైల్ పోయి, అదే పేరుతో ఖాళీ ఫైల్ వచ్చి కూర్చుంది. ట్రాష్ ఆన్‌లోనే ఉంది, కానీ అందులో పాత ఫైల్ లేదు. ఎందుకు?

జవాబు:
రెప్లికేషన్ 3 (అంటే ప్రతి ఫైల్‌కూ మూడు కాపీలు) ఉంటే ఏదో ఒక డేటానోడ్‌లో (డేటా ఉండే మెషీన్) పాతది దొరకాలి కదండీ?

జవాబు:
దొరకదండీ. రెప్లికేషన్ ఉన్నది డిస్క్ పోతే ఆదుకోవడానికి. ఫైల్ పోయిందని నేమ్‌నోడ్ (ఏ ఫైల్ ఎక్కడుందో లెక్క పెట్టుకునే మెషీన్) రాసుకుందంటే మూడు కాపీలూ చెరిపేయమని డేటానోడ్‌లకు కబురు వెళ్తుంది.

ట్రాష్ సంగతి వేరు. షెల్‌లో ఆర్ఎమ్ (ఫైల్ తీసేసే కమాండ్) కొడితేనే ఫైల్ అందులోకి వెళ్తుంది. -ఎఫ్‌తో పుట్ నడిపితే ముందు పక్కన ఒక తాత్కాలిక ఫైల్ రాస్తుంది, తర్వాత పాతదాన్ని నేరుగా డిలీట్ చేసి, కొత్తదానికి ఆ పేరు పెడుతుంది. అందుకే ఫైల్‌ను రీడ్-ఓన్లీ చేసినా లాభం లేదు. డిలీట్‌కు కావలసింది డైరెక్టరీ మీద రైట్ పర్మిషన్, అది వాళ్లకు ఉంది. (ఇది తెలియక 444 (అందరికీ చదివే అనుమతి మాత్రమే) పెట్టి నిశ్చింతగా ఉండేవాళ్లను చాలామందిని చూశాను.)

నన్నడిగితే డైరెక్టరీలు విడదీయండి. కుదరకపోతే స్టికీ బిట్ పెట్టండి. అప్పుడు ఒకరి ఫైల్‌ను ఇంకొకరు తీసేయలేరు. రెండు టీమ్‌లూ ఒకే సర్వీస్ యూజర్‌తో నడుస్తుంటే మాత్రం అదీ దండగే, ముందు యూజర్లను వేరు చేయాలి.

స్నాప్‌షాట్ (డైరెక్టరీ ఆ క్షణంలో ఎలా ఉందో అలా పట్టి ఉంచేది) కూడా పెట్టుకోండి. అడ్మిన్ ఆ డైరెక్టరీకి ఒకసారి అనుమతిస్తే చాలు, జాబ్‌కు ముందు తీసుకోవచ్చు. డేటా కాపీ అవదు కాబట్టి క్షణంలో అయిపోతుంది. పాత స్నాప్‌షాట్‌లు తీసేయకపోతే మాత్రం డిలీట్ చేసిన ఫైళ్ల జాగా ఖాళీ అవదు.

ఇంకోటి: జావాలో క్రియేట్‌కు పాత్ ఒక్కటే ఇస్తే ఉన్న ఫైల్‌ను అడగకుండా ఓవర్‌రైట్ చేసేస్తుంది. ఓవర్‌రైట్‌కు ఫాల్స్ అని రాసి ఇవ్వాల్సిందే.

ప్రశ్న అడిగినవారు:
రెండూ ఒకే యూజర్‌తోనే నడుస్తున్నాయండీ! మారుస్తాం. మా స్పార్క్ (డేటా ప్రాసెసింగ్ ఇంజిన్) జాబ్ రోజూ ఒక తేదీ పార్టిషన్‌ను (టేబుల్‌లో ఆ తేదీ డేటా ఉండే భాగం) ఓవర్‌రైట్ మోడ్‌లో రాస్తుంది. దానితో టెన్షన్ ఏమైనా ఉందా?

జవాబు:
ఉంది. పార్టిషన్ ఓవర్‌రైట్ మోడ్ డిఫాల్ట్‌గా స్టాటిక్. టేబుల్ మొత్తం పాత్ ఇచ్చి రాస్తే మిగతా తేదీలన్నీ ఊడ్చుకుపోతాయి. స్పార్క్ 2.3 నుంచి డైనమిక్ ఉంది (రాస్తున్న తేదీ పార్టిషన్‌ను మాత్రమే మారుస్తుంది), ఈ రాత్రి జాబ్ నడిచేలోపే అది పెట్టేయండి.