పైప్‌లైన్ పరిహారం: వేట ఆగిన నెలలు లెక్కపెడితే సరిపోతుందా?

తీరవాసి:
కోనసీమ సముద్రంలో చమురు, గ్యాస్ పనుల వల్ల చేపల వేట పోగొట్టుకున్నవాళ్లకు ఇచ్చే పరిహారం గురించి. 2012లో గుజరాత్ ప్రభుత్వ చమురు సంస్థ జీఎస్‌పీసీ తవ్వకాలతో నష్టపోయిన 16,559 కుటుంబాలకు నెలకు 6,750 చొప్పున ఏడు నెలల డబ్బు 2019 నవంబరులో ప్రభుత్వం వేసింది. ఏడేళ్ల తర్వాత! ఈలోపు వాళ్లు తెచ్చుకున్న అప్పులకు వడ్డీ ఎవరిస్తారు? 2022 మేలో ఓఎన్‌జీసీ పైప్‌లైన్ పనుల కింద 23,458 కుటుంబాలకు నాలుగు నెలలకు 46,000 చొప్పున వచ్చాయి. ఈ లెక్కల్లో నెలలున్నాయి, చేప లేదు. పని అయ్యాక వలలో ఎంత పడుతోందో కూడా చూడాలంటాను.

గట్టుమీద:
తమ్ముడూ, 46,000 చిన్న మొత్తం కాదు. చేప తగ్గింది పైప్‌లైన్ వల్లేనని ఎలా తేలుస్తావు? ఫ్యాక్టరీల నీళ్లున్నాయి, చిన్నకన్ను వలలున్నాయి. అదంతా తేలేదాకా ఆగితే మళ్లీ ఏడేళ్లే.

గంపలమ్మ కూతురు:
మా అమ్మ రేవులో వేలం పాటలో చేప కొని, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మేది. బోటు కదలకపోతే ఆమెకూ బేరం లేదు. ఒక ఇంట్లో ఇద్దరి సంపాదన పోతే ఒక్క పరిహారమే వస్తోంది. భర్త లేకుండా చేపలమ్ముకునే ఆడవాళ్ల సంగతేంటి?

గట్టుమీద:
అది న్యాయమైన మాటేనమ్మా. అయితే పనులన్నీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట నిషేధంలోనే చేయిస్తే? ఎవరికీ నష్టం ఉండదు కదా.

తీరవాసి:
ఇది మాత్రం ఒప్పుకోను అన్నా. చేప గుడ్లు పెట్టే కాలమనే ఆ 61 రోజులు మనం బోట్లు కట్టేస్తున్నాం. మనం ఆగింది వాళ్లు తవ్వుకోవడానికా? పైగా ఇంజను లేని తెప్పలకు నిషేధం లేదు, వాళ్లు అప్పుడూ వేటకెళ్తారు.

నేనడిగేది ఇది. పని మొదలవడానికి ఏడాది ముందు నుంచే ప్రతి రేవులో పుస్తకం పెట్టాలి: ఏ బోటు ఏ రోజు వెళ్లింది, ఎన్ని కిలోలు తెచ్చింది, పాట ఎంతకు పోయింది, ఎవరు కొన్నారు. అప్పుడు చెల్లీ, మీ అమ్మగారి పేరూ అందులో ఉంటుంది. డబ్బు ఆపమనడం లేదు. మొదటి విడత పని మొదలైన రోజే ఇచ్చి, మిగతాది పుస్తకం చూసి ఇవ్వాలి.

గంపలమ్మ కూతురు:
అన్నా, మా రేవులో పాట పాడించేవాళ్ల దగ్గర పుస్తకం ఇప్పటికే ఉంది. ఎవరు ఎంతకు కొన్నారో రోజూ రాస్తారు. మత్స్యశాఖ వాళ్లు వారానికోసారి వచ్చి దాని మీద సంతకం పెడితే చాలు.