ఈటింగ్ డిజార్డర్ నుంచి బయటపడ్డవాళ్లు ఇంకొకళ్లకి తోడుండొచ్చా? అమ్మ వద్దంటోంది, చెల్లి కావాలంటోంది

బెజవాడ_అక్క:
పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి ప్లీజ్. మా చెల్లికి 19, ఇంజినీరింగ్ రెండో ఏడు, హాస్టల్లో ఉండేది. పోయినేడాది అనోరెక్సియా (లావైపోతానన్న భయంతో తిండి బాగా తగ్గించేసే జబ్బు) అని తేలింది, అంతకుముందు ఏడు నెలలు ఒకళ్లు గ్యాస్ అని ఒకళ్లు థైరాయిడ్ అని ఒకళ్లు చదువు టెన్షన్ అని, మా అత్తయ్యయితే దిష్టి అని గుమ్మానికి నిమ్మకాయలు కూడా కట్టించింది. ఇప్పుడు సైకియాట్రిస్టు, డైటీషియను ఇద్దరి దగ్గరికీ వెళ్తున్నాం, ఇంట్లోనే ఉంటోంది, మెల్లగా తేరుకుంటోంది. విషయం ఏంటంటే వాళ్ల కాలేజీ సీనియర్ ఒకమ్మాయికి ఇదే జబ్బు వచ్చి తగ్గింది, మూడేళ్లయింది అంటుంది, బెంగళూరులో జాబ్. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి వీడియో కాల్ చేస్తుంది, ఇద్దరూ ఫోన్లు ఎదురుగా పెట్టుకుని అన్నం తింటారు. రోజు మొత్తం మీద మా ఇంట్లో గొడవ లేకుండా గడిచే పూట అదొక్కటే. కానీ అమ్మకి అస్సలు ఇష్టం లేదు, "జబ్బు పడ్డ పిల్ల జబ్బు పడ్డ పిల్లకి ఏం నేర్పుద్దే" అంటుంది. డాక్టర్ గారిని అడిగితే వద్దనలేదు, కావాలనలేదు, "జాగ్రత్తగా చూసుకోండి" అన్నారు. ఏం చూసుకోవాలో చెప్పలేదు. మీలో ఈ దారిలో నడిచినవాళ్లుంటే చెప్పండి, కొనసాగించాలా ఆపించాలా.

అడ్మిన్:
బరువులు, క్యాలరీలు, ఎలా దాచేవాళ్లు ఏం చేసేవాళ్లు లాంటి వివరాలు ఈ థ్రెడ్‌లో వద్దు. రాస్తే తీసేస్తాం, ఏమీ అనుకోవద్దు.

పులిహోర_ప్రియ:
ఆపించకండి, అంతే. నాది బులీమియా, అంటే అతిగా తినేసి ఆ తర్వాత ఒంటికి పట్టకుండా చూసుకునే జబ్బు, బయటపడి ఆరేళ్లు. నాకు మంచి డాక్టరే దొరికారు, పొటాషియం పడిపోతే టెస్టులు రాశారు, ఈసీజీ తీయించారు, ఆయన్ని తక్కువ చేయట్లేదు. కానీ సంక్రాంతికి అమ్మమ్మ ప్లేటు నిండా అరిసెలు పెట్టి "ఎంత చిక్కిపోయావే తల్లీ" అని పదిమంది ముందు అంటే ఆ ప్లేటుతో ఏం చేయాలో ఆయన ప్రిస్క్రిప్షన్‌లో లేదు కదా. నాకు చెప్పింది మా ఆఫీసులో పనిచేసే ఒక అక్క, ఆవిడా ఇందులోంచి వచ్చినావిడే. "ఒకటి తీసుకో, అందరితో పాటే తిను, తిన్నాక గంటసేపు గదిలోకి పోకు, వాకిట్లో ముగ్గులేసే వాళ్ల దగ్గర కూర్చుని రంగులు అందించు" అంది. అలాగే చేశాను. ఆవిడ దగ్గర అబద్ధం నడిచేది కాదండీ, "నేను తినేసే వచ్చానక్కా" అంటే ఎదురు ప్రశ్న వేసేది కాదు, ఊరికే నవ్వేది. ఆ డైలాగు ఆవిడ నాకంటే పదేళ్లు ముందు నుంచి వాడుతోంది మరి.

చేదు_కాకర:
పైన అక్క అదృష్టం బాగుంది. నా సంగతి చెప్తా. నేను చేరింది కూడా రికవరీ గ్రూపే, పేరులోనే రికవరీ ఉంది. తొమ్మిది మందిమి, అందరం ఇంకా మధ్యలో ఉన్నవాళ్లమే, నడిపే అమ్మాయి కూడా. మొదటి రెండు వారాలు ఏడుపులు, ధైర్యాలు, బాగానే ఉంది. తర్వాత ఒకమ్మాయి హాస్పిటల్లో పడింది, ఫోటో పెట్టింది, సెలైన్ బాటిల్‌తో. నాకు జాలి రావాలి కదా? కుళ్లు వచ్చింది. "అంటే నాది అంత సీరియస్ కాదన్నమాట, నేను సరిగ్గా జబ్బు కూడా పడలేదన్నమాట" అనిపించింది. నాకు తెలియని [అడ్మిన్: ఈ ముక్క తీసేశాం] కూడా అక్కడే తెలిశాయి. ఎవరూ కావాలని నేర్పలేదు, "నేను ఒకప్పుడు ఇలా చేసేదాన్ని, మీరు చేయకండి" అని చెప్పారు. ఈ జబ్బున్న బుర్రకి ఆ వాక్యంలో రెండో సగం వినపడదు. మూడు నెలల్లో నేనూ అడ్మిట్ అయ్యాను. కాబట్టి మీ అమ్మగారిని మరీ తీసిపారేయకండి, ఆవిడ భయంలో నిజం ఉంది.

మామూలు_మనిషి:
తిండి లేక చచ్చేవాళ్లున్న దేశంలో తిండి ఎక్కువై వచ్చే జబ్బులివి. రెండు రోజులు పొలం పనికి పంపండి, సద్దన్నం పెట్టినా తింటారు.

నల్లగొండ_సైకిల్:
అన్నా నేను పొలం పనికి పోయిన ఇంట్లకెల్లే వచ్చిన, మా బాపు ఆటో నడుపుతడు. నాకొచ్చింది. ఇంక మాట్లాడు.
బెజవాడ అక్కా, నేనొకటి చెప్త. నేను పోరన్ని, జిమ్ముల మొదలైంది నాది, పోటీకి "కటింగ్" అని, అంటే ఒంట్ల కొవ్వు కరిగించుడు, స్టార్ట్ చేసి మల్ల ఆపలేకపోయిన, రాత్రిపూట మొత్తం తినుడు పొద్దున మొత్తం మానుడు. డాక్టర్ సాబ్ ఒక సపోర్ట్ గ్రూప్‌కి పంపిండు, మంచోళ్లే అందరు, గానీ అందరు ఆడపిల్లలే, పెండ్లి చూపులు, లెహంగా, అత్తమ్మ మాటలు. నేను మూలకు కూసున్న, నా ముచ్చట చెప్తే "అవునా బ్రో, మగోళ్లకి కూడా వస్తదా" అన్నరు. ఇంటికొచ్చి ఇంకింత ఒంటరిగనిపించింది. సేమ్ జబ్బున్నోళ్లు అయితే చాలు అనుకుంటరు గానీ చాలదు. నాకు పనికొచ్చింది ఆఖరికి మా జిమ్ముల ఫ్లోర్ ట్రైనర్, ఆయనకి గీ జబ్బు పేరు గూడ తెల్వదు, "నాకూ గట్లనే అయితుండె తమ్మీ, పోటీలు బంద్ చేసిన, ఇప్పుడు మంచిగ నిద్ర పడ్తది" అన్నడు, గంతే.

పీజీ_నైట్_డ్యూటీ:
సైకియాట్రీ పీజీని. డ్యూటీ మధ్యలో టైప్ చేస్తున్నా, తప్పులుంటే క్షమించండి. మామూలు మనిషి గారికి ముందు ఒక సంగతి. 1944-45లో అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే ఆయన 36 మంది ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లకి ఆర్నెల్ల పాటు సగం తిండి పెట్టి చూశాడు, వాళ్లంతా యుద్ధానికి వెళ్లం అని ఈ స్టడీకి ఒప్పుకున్న వాలంటీర్లు. ఏ జబ్బూ లేనివాళ్లు. కొన్నాళ్లకి ప్లేట్లు నాకడం, వంటల పుస్తకాలు పోగేసుకోవడం, పొద్దస్తమానం తిండి గురించే మాట్లాడటం, చిరాకు, దిగులు. తిండి తగ్గితేనే మెదడు అలా అయిపోతుంది, అదేదో కొవ్వెక్కి చేసే పని కాదు. అనోరెక్సియాలో దీనికి పైన ఇంకో పొర ఉంటుంది, మానసిక జబ్బుల్లో ప్రాణాలు తీసే లెక్కలో ఇది పైవరసలో ఉంది.
ఇప్పుడు అసలు ప్రశ్న. మద్యం మానేవాళ్లకి ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) అనే గ్రూపు ఉంది, 1935 నుంచి, పాత తాగుబోతే కొత్తవాడికి తోడు, అది చూసి ఇక్కడ కూడా అదే మోడల్ అంటారు చాలామంది. కానీ మందు పూర్తిగా మానేయొచ్చు, గీత స్పష్టంగా ఉంటుంది. అన్నం మానేయలేం, రోజుకి మూడుసార్లు దాని ఎదురుగా కూర్చోవాల్సిందే. "మూడేళ్లయింది తగ్గి" అనే మాటకి ఇక్కడ కొలత ఏంటి? బరువా, నెలసరా, బఫే చూసి గుండె దడ రాకపోవడమా? మీ సీనియర్ అమ్మాయి మంచిదే అయ్యుండొచ్చు, తను ఎక్కడ నిలబడి ఉందో ఎవరు చూస్తున్నారు అనేదే నా డౌట్. ఇంకొకటి, కాల్‌లో ముఖం కనపడుతుంది, ఫాస్ఫేటు కనపడదు. చాలా రోజులు తినకుండా ఉండి మళ్లీ మొదలుపెట్టినప్పుడు రక్తంలో ఫాస్ఫేటు లాంటి లవణాలు ఒక్కసారిగా పడిపోయి గుండెకి ముప్పు రావచ్చు, అది మా పని, ఫ్రెండ్ పని కాదు. కళ్లు తిరగడం, కాళ్ల వాపు, గుండె దడ ఉంటే కాల్ కట్ చేసి హాస్పిటల్. రాత్రిపూట ఏం చేయాలో తోచకపోతే టెలీమానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416, తెలుగులో మాట్లాడతారు.

పులిహోర_ప్రియ:
డాక్టర్ గారూ అన్నీ ఒప్పుకుంటా, ఒక్కటి చెప్పండి. మీ ఓపీలో ఒక పేషెంటుకి ఎంతసేపు దొరుకుతుంది? పది నిమిషాలు? ఆ అమ్మాయి రోజూ నలభై నిమిషాలు ఎదురుగా కూర్చుంటోంది, ఫీజు లేకుండా. అది వద్దంటే ఆ నలభై నిమిషాలు మీరిస్తారా?

పీజీ_నైట్_డ్యూటీ:
ఇవ్వలేను. ఒప్పుకుంటున్నా. వద్దని కూడా నేను అనలేదు కదా మేడమ్.

లెస్టర్_చలి:
నేను ఇంగ్లండ్‌లో నర్సుని, మా ఊరు తణుకు దగ్గర. ఇక్కడ ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే ప్రభుత్వ వైద్య సేవలో, పీర్ సపోర్ట్ వర్కర్ అని జబ్బు నుంచి బయటపడ్డవాళ్లు ఇంకొకళ్లకి తోడుండే ఉద్యోగమే ఉంది, జీతం, ట్రైనింగ్, పైన సూపర్‌విజన్. ఈటింగ్ డిజార్డర్ల కోసం బీట్ అనే ఛారిటీ కూడా ఉంది, 1989లో పెట్టారు, అక్కడి ఆన్‌లైన్ గ్రూపుల్లో బరువులు, క్యాలరీల అంకెలు చెప్పకూడదు అన్నది రూలు. మా వార్డులో ఒకమ్మాయి ఈ ఉద్యోగం చేసేది, ఎంత బాగా చేసేదో చెప్పలేను, నేను అరగంట బతిమాలినా ముద్ద ఎత్తని పిల్ల ఆ అమ్మాయి పక్కన కూర్చుని టీవీలో వచ్చే చెత్త ప్రోగ్రామ్ గురించి మాట్లాడితే తినేసేది. అయితే రెండేళ్లకి మానేసింది, రోజంతా ఆ మాటలే, ఇంటికెళ్లినా అవే. సూపర్‌విజన్ ఉన్నచోటే అలా ఉంటే మీ సీనియర్ అమ్మాయికి ఎవరున్నారు అని అడగాలనిపించింది. మీ చెల్లి సంగతి తర్వాత, ఆ అమ్మాయి సంగతి ఎవరన్నా అడిగారా?

కర్నూలు_నాన్న:
నేనొక తండ్రిని, నా బిడ్డకి పదహారప్పుడు వచ్చినాది. ఇక్కడంతా పిల్లలకి తోడు ఎవరు అని మాట్లాడతాండారు గానీ తల్లిదండ్రులకి తోడు ఎవరు? మా డాక్టరమ్మ ఇంట్లోవాళ్లే అన్నం పెట్టి తినిపించే పద్ధతి చెప్పింది, లండన్‌లో మాడ్‌స్లీ హాస్పిటల్ నుంచి వచ్చినాదంట, 1987లోనే దాని మీద మొదటి ట్రయల్ అచ్చయింది అని చెప్పింది. బిడ్డని తప్పు పట్టద్దు, మిమ్మల్నీ తప్పు పట్టుకోద్దు, జబ్బు వేరు బిడ్డ వేరు అని. వినేదానికి బాగుంటాది. చేసేటప్పుడు చూడల్ల. నా భార్య ముద్ద కలిపి పెడితే నా బిడ్డ కంచం గోడకేసి కొట్టినాది, చిన్నప్పుడు నేను గట్టిగా అంటేనే ఏడ్చే పిల్ల. ఆరోజు నేను మేడ మీదికి పోయి నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుని ఏడ్చినా. అప్పుడు నేను ఫోన్ చేసినా అనంతపురంలో ఇంకొక తండ్రికి, అదే డాక్టరమ్మ దగ్గర మాకు పరిచయం. ఆయన అన్నది ఒకే మాట, "మా ఇంట్లో స్టీలు కంచాలు తీసేసి ప్లాస్టిక్‌వి పెట్టినాం సార్, సప్పుడు తక్కువ". నవ్వినా నేను, ఎన్ని నెలల తర్వాత. కాబట్టి బెజవాడ తల్లీ, మీ అమ్మకి ఒక మనిషిని చూడు. ఆమెకి తోడు దొరికితే మీ చెల్లి తోడు మీద కోపం తగ్గుతాది, నాకైతే అట్లనే అనిపిస్తాంది.

చేదు_కాకర:
నాన్నగారూ, ప్లాస్టిక్ కంచాల మాట చదివి నేనూ నవ్వాను. మా అమ్మకి అలాంటి ఫోన్ నంబరు ఒక్కటి కూడా లేదు అప్పుడు.

బెజవాడ_అక్క:
నాలుగు రోజుల తర్వాత వస్తున్నా, అందరికీ థాంక్స్. లెస్టర్ అక్క అడిగింది బుర్రలో తిరుగుతూనే ఉంది, అందుకే చెల్లికి తెలియకుండా (తర్వాత చెప్పాను, తిట్టింది) ఆ సీనియర్‌కి ఫోన్ చేశాను. ఊరికే "నువ్వెలా ఉన్నావమ్మా" అని అడిగా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది, "అక్కా, నిజం చెప్పనా, ఆఫీసు రోజుల్లో నేను సరిగ్గా తినేది కూడా ఆ ఎనిమిదిన్నరకే. మీ చెల్లి ఎదురుగా ఉంటుంది కాబట్టి తినాలి. కాల్ లేని రోజు టిఫినో ఏదో లాగించేస్తా" అని. నాకు కాళ్లు చల్లబడ్డాయి. మేం ఆ అమ్మాయిని మెట్టు మీద నిలబడి చెయ్యి అందిస్తోంది అనుకుంటున్నాం, తను కూడా అదే తాడు పట్టుకుని వేలాడుతోంది. ఇప్పుడేం చేయాలి చెప్పండి, ఇది తెలిశాక.

పీజీ_నైట్_డ్యూటీ:
నేను భయపడింది ఇదే. ఒకళ్లు జారితే ఇద్దరూ జారతారు, మీ చెల్లికి తెలిస్తే "నేను తినకపోతే సీనియర్ అక్క తినదు" అన్న బరువు కూడా నెత్తిన పడుతుంది. కాల్ ఆపమనను, కానీ ఆ అమ్మాయి తన డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లాలి, మీ చెల్లి సైకియాట్రిస్టుకి ఈ కాల్స్ గురించి మొత్తం తెలియాలి, వారంలో రెండు మూడు పూటలు ఇంట్లోవాళ్లతో తినడం మొదలవ్వాలి.

పులిహోర_ప్రియ:
నాకు వేరేగా అనిపిస్తోంది. నాకు తోడున్న అక్క కూడా ఒకసారి చెప్పింది, నీకు చెప్పడం మొదలుపెట్టాకే నేను నా మాట వినడం మొదలుపెట్టాను అని. ఇద్దరూ తింటున్నారు కదండీ, ఎవరి వల్ల ఎవరు తింటున్నారో లెక్క దేనికి?

చేదు_కాకర:
లెక్క కావాలి ప్రియ గారూ. మా గ్రూపులో లెక్క చూసేవాళ్లు లేకే కదా.

నల్లగొండ_సైకిల్:
గా అక్క నిజం చెప్పింది సూడుండ్రి, అడిగితే చెప్పింది. జబ్బు గట్టిగున్నోళ్లు గట్ల చెప్పరు. నాకైతే ఆమె మీద నమ్మకం పెరిగింది. డాక్టర్ కాడికి మాత్రం పొమ్మను.

బెజవాడ_అక్క:
సీనియర్ డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకుంది, స్క్రీన్‌షాట్ పంపింది, నేను అడగకుండానే. కాల్స్ వారానికి నాలుగు చేశాం, మిగతా మూడు రోజులు నేను చెల్లితో తింటున్నా, మొదటిరోజు సగం ప్లేటు దగ్గరే గొడవైంది, రెండోరోజు ఫర్వాలేదు. కర్నూలు నాన్నగారి నంబరు అడ్మిన్ ద్వారా తీసుకుని అమ్మకిచ్చాను, ఇంకా చేయలేదు, కానీ ఫోన్‌లో సేవ్ చేసుకుంది, "కంచాలాయన" అని. ఇంకో సంగతి, దసరాకి ఆ సీనియర్ విజయవాడ వస్తోందంట, విషయం మొత్తం విన్న అమ్మ కాసేపు మాట్లాడకుండా కూర్చుని, భోజనానికి రమ్మను అంది. ఇప్పుడు ఇద్దరికీ కలిపి ఏం వండాలి అని పొద్దున్నించి నన్ను చంపుతోంది, బొబ్బట్లు చేయనా వద్దా, చేస్తే భయపడతారేమో, చేయకపోతే పండగపూట బాధపడతారేమో అని. ఏం చెప్పను?

కర్నూలు_నాన్న:
చేయమను తల్లీ. అందరి ఆకుల్లోనూ పెట్టమను, ఎవరి ఆకు వైపూ సూడద్దని చెప్పు. సూడకుండా ఉండేది కష్టం, నేను రెండేండ్లు నేర్చుకున్నా.