ఆరోగ్య కేంద్రం పరీక్షలో అమ్మకు ‘పాజిటివ్’ అన్నారు: ఇప్పుడు ఎక్కడికి తీసుకువెళ్లాలి?

ప్రశ్న (సముద్రతీరం అమ్మాయి):

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లె. ఉద్యోగరీత్యా నేను హైదరాబాద్‌లో ఉంటున్నాను. ముప్పై ఏళ్లు దాటిన ఆడవాళ్లందరికీ పరీక్షలు చేస్తున్నారని చెప్పి, మా ఊరి ఆశా కార్యకర్త పది రోజుల క్రితం మా అమ్మను సామాజిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లింది. అమ్మకు 44 ఏళ్లు. అక్కడ బీపీ, షుగరు చూశారు, నోరు, రొమ్ములు పరీక్షించారు, ఆ తరువాత గర్భాశయ ముఖద్వారానికి ఏదో మందు అద్ది చూసి, చీటీ మీద ‘వీఐఏ పాజిటివ్’ అని రాసి జిల్లా ఆసుపత్రికి వెళ్లమన్నారు. అమ్మ ఆ చీటీని బియ్యం డబ్బాలో దాచి నాలుగు రోజుల పాటు ఎవరికీ చెప్పలేదు. ఐదో రోజున నాన్న బియ్యం తీస్తుండగా బయటపడింది. అప్పటి నుంచి ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినడం లేదు.

నా సందేహాలు రెండు. పాజిటివ్ అంటే క్యాన్సర్ వచ్చినట్లేనా? డాక్టరు కూడా కాదు, ఒక నర్సు కంటితో చూసి చెప్పిన మాటను నమ్మవచ్చునా, లేక మా బంధువులు చెబుతున్నట్లు విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ల్యాబులో క్యాన్సర్ ప్యాకేజీ పేరుతో చేసే రక్త పరీక్షలు, ఒళ్లంతా స్కానింగు చేయించాలా? ఆ ప్యాకేజీకి అయ్యే డబ్బు నాన్నకు మూడు నెలల సంపాదన.

అమ్మతో పాటు వెళ్లిన మా నాయనమ్మ, తనకేమీ జబ్బు లేదని బయట వరండాలోనే కూర్చుండిపోయింది. ఆమెకు 70 దాటాయి, అడ్డచుట్ట (నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని) కాలుస్తుంది. ఆమె గురించి కూడా ఆలోచించాలా అన్నది ఇది రాస్తుండగా తట్టింది.

జవాబు 1 (స్టాఫ్ నర్సు):

అమ్మా, నేను పన్నెండేళ్లుగా ఒక సామాజిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. మీ అమ్మగారికి చేసిన పరీక్షను వారానికి రెండు రోజులు నా చేతులతో చేస్తాను. కనుక ముందుగా ఈ మాట నాన్నగారికి చదివి వినిపించండి: అది క్యాన్సర్ ఉందని రాసిన చీటీ కాదు, ఇంకొంచెం దగ్గరగా చూడాలని రాసిన చీటీ.

వీఐఏ అంటే ఇదే: మేము స్పెక్యులం (లోపలి భాగం కనబడేలా తెరిచి పట్టే పరికరం) పెట్టి, 5 శాతం ఎసిటిక్ ఆమ్లంలో ముంచిన దూదిని ముఖద్వారానికి అద్ది, గడియారం చూసుకుంటూ ఒక నిమిషం ఆగుతాము. బాగున్న చోట గులాబి రంగు అలాగే ఉంటుంది. కణాలలో మార్పు మొదలైన చోట, పెసరగింజంత కావచ్చు, అంతకంటే పెద్దది కావచ్చు, అంచు స్పష్టంగా తెలిసేలా తెల్లని మచ్చ తేలుతుంది. వాపు ఉన్నా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా కూడా తెలుపు తేలవచ్చు కాబట్టి, పాజిటివ్ వచ్చినవారిలో ఎక్కువమందికి తరువాతి పరీక్షలో చికిత్స అవసరమయ్యే మార్పేదీ కనబడదు. ఒకవేళ కనబడినా, ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ సోకిన చోట మార్పులు మొదలై క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. మధ్యలో దొరికిన మచ్చను తీసివేస్తే ఆ జబ్బు రాకుండానే ఆగిపోతుంది. మేము వెతుకుతున్నది ఆ మచ్చ కోసమే.

జిల్లా ఆసుపత్రిలో కాల్పోస్కోపు అనే పెద్దది చేసి చూపే పరికరంతో అదే చోటును చూస్తారు. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. మార్పు నిజమని తేలితే వేడి పరికరంతో ఆ పైపొరను కాల్చివేయడమో, కరెంటు తీగ చుట్టతో ఆ భాగాన్ని మాత్రమే తీసివేయడమో చేస్తారు. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఈ చీటీ చూపించినప్పుడు ఎవరైనా ‘ఎందుకొచ్చిన భయం, గర్భసంచి తీసేద్దాం’ అంటే దయచేసి ఒప్పుకోకండి. గర్భసంచి తొలగింపులు దేశంలో ఎక్కువగా జరుగుతున్నది మన రెండు తెలుగు రాష్ట్రాలలోనే అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతూ వచ్చాయి. తెల్లబట్ట అవుతోందని వెళ్లి, క్యాన్సర్ అవుతుందేమోనన్న భయంతో ముప్పై అయిదేళ్లకే గర్భసంచి తీయించుకుని, ఆ తరువాత ఎముకల నొప్పులతో మా దగ్గరకు వచ్చే తల్లులను ప్రతి వారం చూస్తున్నాను. కాల్పోస్కోపీ కాకుండా, ముక్క పరీక్ష రిపోర్టు చేతికి రాకుండా ఆపరేషన్ మాట ఎత్తనివ్వకండి.

వరండాలో కూర్చున్న నాయనమ్మగారిని ఎవరూ లోపలికి పిలవకపోవడం నాకు బాధ కలిగించింది. అమ్మగారి చీటీ కంటే ఆమె నోరే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. చుట్ట నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని కాల్చే అలవాటు వలన వేడి, పొగ రెండూ నేరుగా అంగిలికి తగులుతాయి. ఇతర ప్రాంతాలలో నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గ లోపల, నాలుక పక్కన వస్తుంటే, మన తీరంలో అది గట్టి అంగిలి మీద వస్తుంది. 1960ల చివరలోనే పరిశోధకులు శ్రీకాకుళం జిల్లా పల్లెలు తిరిగి వేలమంది నోళ్లు పరీక్షించి ఈ సంగతి రాశారు. అంగిలి ఎదురుగా చూస్తే కనబడదు. కట్టుడు పళ్లుంటే తీయించి, తల బాగా వెనక్కి వాల్చమని, టార్చి వేసి చూడాలి. పగటి వెలుతురు ఉంటే ఇంకా మంచిది.

జవాబు 2 (విజయనగరం వాసి):

నర్సమ్మగారు చెప్పినదంతా నిజమే కానీ, చీటీ రాసి పంపిన తరువాత ఏమి జరుగుతుందో అనుభవించినవాడిగా కొంత చేర్చాలనుకుంటున్నాను. మా అత్తగారికి రొమ్ములో గడ్డ ఉందని స్క్రీనింగులోనే కనిపెట్టారు, అంతవరకు ఎంతో మేలు జరిగింది. ఒక పెద్ద ఆసుపత్రిలో ముక్క తీశారు. ‘రిపోర్టు వస్తే ఫోన్ చేస్తాం’ అన్నారు, మేము నమ్మి ఎదురుచూశాము. ఏడు వారాల తరువాత నేనే వెళ్లి అడిగితే, రిపోర్టు రెండో వారంలోనే వచ్చి రికార్డుల గదిలో ఉంది. దరఖాస్తు మీద మా ఫోన్ నంబరులో ఒక అంకె తప్పు పడింది. ఆ ఏడు వారాలలో గడ్డ ఎంత పెరిగిందో చెప్పలేను కానీ, ఆమె కళ్లలోకి చూడలేకపోయిన రోజులవి.

కాబట్టి ముక్క తీసిన రోజునే ఆ నమూనాకు ఇచ్చిన నంబరు ఏమిటో అడిగి కాగితం మీద రాయించుకోండి, రిపోర్టు ఏ తేదీకి వస్తుందో, ఏ గదిలో ఇస్తారో కూడా రాయించుకుని, ఆ తేదీకి ఫోన్ రాకపోయినా వెళ్లండి. వేరే ఆసుపత్రికి మారవలసి వస్తే కాగితం రిపోర్టు ఒక్కటే సరిపోదు. ముక్కను మైనంలో పెట్టి దిమ్మలా చేస్తారు, దానిని బ్లాకు అంటారు. ఆ బ్లాకును, దాని నుంచి పరీక్షకు చేసిన గాజు పలకలను (స్లైడులను) అడిగి తీసుకోండి. మా దగ్గర బ్లాకు ఉండడం వలననే విశాఖపట్నం అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో మళ్లీ ముక్క తీయకుండా మిగిలిన పరీక్షలు చేయగలిగారు.

ఒకవేళ చికిత్స అవసరమైతే, దేవుడి దయ వలన అవసరం కాకూడదు, ఎన్టీఆర్ వైద్య సేవలో క్యాన్సర్ ఆపరేషన్లు, కీమోథెరపీ, కరెంటు పెట్టడం (రేడియేషన్) ఉన్నాయి. ఆసుపత్రిలో చేరిన తరువాత కాదు, చేరకముందే ఆ కౌంటరులో మాట్లాడండి. రైలులో వెళ్లేవారికి ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రంతో రాయితీ ఉంది. క్యాన్సర్ రోగికి స్లీపరులో, థర్డ్ ఏసీలో ఛార్జీ ఉండదు, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గిస్తారు. అగనంపూడికి దువ్వాడ స్టేషనులో దిగితే దగ్గర.

జవాబు 3 (ప్రజారోగ్య వైద్యుడు):

నర్సు చూసి చెప్పినదానిని నమ్మవచ్చునా అన్న ప్రశ్న న్యాయమైనదే, దానికి సమాధానం మన దేశంలోనే దొరికింది. ముంబై మురికివాడలలో సుమారు లక్షన్నర మంది మహిళలతో టాటా మెమోరియల్ ఆసుపత్రి చేసిన అధ్యయనంలో, పదో తరగతి చదివి నాలుగు వారాల శిక్షణ పొందిన కార్యకర్తలే ఈ ఎసిటిక్ ఆమ్ల పరీక్షను రెండేళ్లకోసారి చేశారు. పన్నెండేళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. నోటి పరీక్ష విషయంలో తిరువనంతపురం జిల్లా అధ్యయనం ఉంది. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోరు చూడడం వలన, పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయని 2005లో ప్రకటించారు.

ఈ పరీక్షకు లోపాలు లేవని నేను అనను. చూసేవారి కన్నును బట్టి ఫలితం మారుతుంది, ముట్లు ఆగిపోయిన స్త్రీలలో చూడవలసిన భాగం లోపలికి జరిగిపోతుంది కాబట్టి వారికి ఇది అంతగా ఉపయోగపడదు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. అందులో మరణాలను సగానికి తగ్గించినది ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ పరీక్షే తప్ప ఎసిటిక్ ఆమ్ల పరీక్ష కాదు. జిల్లా ఆసుపత్రిలో హెచ్‌పీవీ పరీక్ష చేసే వీలుందేమో అడగడం మంచిది. లేదంటే కాల్పోస్కోపీని మాత్రం వాయిదా వేయకండి.

ప్యాకేజీ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఆ డబ్బు ఖర్చు చేయకండి. అటువంటి ప్యాకేజీలలో చేసే సీఏ 125 వంటి రక్త పరీక్షలు, జబ్బు నిర్ధారణ అయినవారిలో చికిత్స ఎలా పనిచేస్తోందో తెలుసుకోవడానికి ఉపయోగపడతాయి. ఆరోగ్యంగా ఉన్నవారిలో గర్భసంచి గడ్డలున్నా, ముట్టు సమయమైనా, కాలేయం జబ్బున్నా ఆ అంకె పెరగవచ్చు. ఆపైన స్కానింగు, దానిలో కనబడిన ఏదో నీటితిత్తి, దానికొక ఆపరేషన్, ఇలా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మీ అమ్మగారి ముఖద్వారం మీద తెల్లమచ్చ ఏమిటో మాత్రం ఆ ప్యాకేజీలో ఎవరూ చూడరు.

మీ ఇంట్లో తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య ఆడపిల్లలుంటే హెచ్‌పీవీ టీకా గురించి ఆలోచించండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణమైన 16, 18 రకాల వైరస్‌ల నుంచి అది కాపాడుతుంది. టీకా అనగానే మనవారికి ఖమ్మం గుర్తుకువస్తుంది, ఆ భయాన్ని నేను తక్కువ చేయను. 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది బాలికలకు ఈ టీకా వేసినప్పుడు, హాస్టళ్లలో చదువుకునే గిరిజన బాలికల తరఫున తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. కొందరు పిల్లలు మరణించడంతో 2010లో ఆ కార్యక్రమాన్ని నిలిపివేశారు. మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. అయినా తల్లిదండ్రులను అడగకుండా చేసిన తప్పు తప్పే, పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో దానిని తీవ్రంగా తప్పుపట్టింది. మీరు మాత్రం అడిగి, తెలుసుకుని, మీ సంతకంతో వేయించండి.

ప్రశ్న అడిగినవారు (పదిహేను రోజుల తరువాత):

మీ అందరికీ నా కుటుంబం తరఫున కృతజ్ఞతలు. సెలవు పెట్టి ఊరికి వచ్చి, అమ్మను జిల్లా ఆసుపత్రికి తీసుకువెళ్లాను. కాల్పోస్కోపీలో ఒక చోట తెలుపు కనబడిందని చిన్న ముక్క తీశారు, ఇరవై నిమిషాలలో అయిపోయింది. నమూనా నంబరు, రిపోర్టు వచ్చే తేదీ, గది నంబరు అమ్మ స్వయంగా రాయించుకుంది, కాగితాన్ని ఈసారి దేవుడి పటం వెనుక అందరికీ కనబడేలా పెట్టింది. ఫోన్ నంబరును మాత్రం నాన్న రెండుసార్లు చదివించి సరిచూశారు.

నాయనమ్మ ఆసుపత్రికి రానంటే రానన్నది. ఆశా కార్యకర్త మా ఇంటి అరుగు మీద ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి, ఎండ నోట్లో పడేలా తల తిప్పి చూసింది, నేనూ చూశాను. అంగిలి అంతా పొగచూరిన వంటింటి గోడలా ఉంది, మధ్యలో రూపాయి బిళ్లంత మేర తెల్లగా, గరుకుగా ఉంది, ఆ తెలుపులో ఒక పక్క ఎర్రని మచ్చ ఉంది. నొప్పి లేదంటుంది. కారం తగిలితే మండుతుందని చాలాసేపటికి ఒప్పుకున్నది. రేపు ఉదయం దంత వైద్యుడి దగ్గరకు రావడానికి అంగీకరించింది, చుట్ట మానే సంగతి మాత్రం ఇంకా మాట్లాడనివ్వడం లేదు. అక్కడ నేను ఏమి అడగాలి?

జవాబు (స్టాఫ్ నర్సు):

రేపు తప్పకుండా వెళ్లండి అమ్మా, ఇంకో వారానికి జరపకండి. నొప్పి లేదన్నమాటను పట్టించుకోవద్దు, మొదట్లో నొప్పి ఉండదు. తెలుపు కంటే ఎరుపు ఉన్న చోటునే ఎక్కువ అనుమానించాలి కాబట్టి, ముక్క తీసేటప్పుడు ఆ ఎర్రని భాగం కూడా వచ్చేలా తీయమని వైద్యుడిని అడగండి. చుట్ట మానడం కష్టమైతే, ముందు నిప్పు కొసను బయట పెట్టి కాల్చమనకండి, అది మానడం కాదు. ఈ రోజు ఎన్ని కాల్చిందో మాత్రం అడిగి రాసుకోండి, ఆ లెక్కతో వైద్యుడి ముందు మాట మొదలుపెట్టవచ్చు. ఆమె నమూనా నంబరు కూడా అమ్మ కాగితం మీదనే రాయండి.