సోల్డరింగ్ ఐరన్ స్టాండుకు ‘ఒర’ అనొచ్చా?

ప్రశ్న: ఎలక్ట్రానిక్స్ కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతిపుస్తకంలో సోల్డరింగ్ ఐరన్ స్టాండు మీద ఒక పేజీ ఉంది. ఐరన్‌తో కరిగించి తీగలు అతికే లోహానికి, అంటే సోల్డర్‌కు, టంకం అని రాశాం. స్టాండుకు ‘ఒర’ బాగుంటుందా, ‘కుదురు’ బాగుంటుందా? లేక స్టాండు అనే ఉంచేద్దామా?

జవాబు: ‘ఒర’ వద్దండీ. ఒరలో కత్తి బిగుతుగా, ఆనుకుని కూర్చుంటుంది. ఐరన్ అలా కూర్చోకూడదు, మొన దేనికీ తగలకుండా ఉండాలి. స్టాండులో ఐరన్‌ను దూర్చే స్ప్రింగుకు ఆనితే వేడి ఆ లోహంలోకి పోయి మొన చల్లబడుతుంది, తీసి వాడబోతే టంకం సరిగా కరగదు. స్ప్రింగు ఇరుకైతే పెట్టినప్పుడూ తీసినప్పుడూ మొన చుట్లకు గీసుకుంటుంది. రాగి మొన మీద ఇనుప పూత పల్చగా ఉంటుంది. అది ఒక్కచోట పోయినా కరిగిన టంకం లోపలి రాగిని తినేసి గుంట చేస్తుంది. ‘ఒర’ అని చదివినవాళ్లు బిగుతుగా పట్టేదే మంచిదనుకుని అలాంటిదే కొంటారు.

మరొకరు: ‘కుదురు’ కూడా పేరుగా నప్పదు, అది గుండ్రటి అడుగున్నవాటిని నిలబెట్టేది. కానీ ‘కుదురుగా ఉండాలి’ అన్న మాట ఆ పేజీలో తప్పకుండా రావాలి. స్టాండులో ముందు చూడాల్సింది అదే. ఐరన్‌తోపాటు వచ్చే వంచిన రేకు స్టాండు మరీ తేలిక, వైరు కాస్త లాగితే ఐరన్‌తో సహా తిరగబడుతుంది. చల్లగా ఉన్న ఐరన్‌ను పెట్టి వైరును పక్కకు మెల్లగా లాగి చూడమనండి. స్టాండు అడుగున ఉండే పీట జరిగినా, ఒక అంచు లేచినా ఆ స్టాండు పనికిరాదు. బరువైన ఇనుప పీట, కింద రబ్బరు కాళ్లు ఉన్నది మేలు. ఉన్న స్టాండునే వాడాలంటే వెడల్పాటి చెక్కకు స్క్రూలతో బిగించాలి.

కొలత సంగతి కూడా రాయండి. స్ప్రింగు నోరు ఐరన్ గొట్టం కంటే వెడల్పుగా, పిడి అంచు కంటే ఇరుకుగా ఉండాలి. అప్పుడే పిడి నోటి దగ్గర ఆగుతుంది, మొన లోపల తగలకుండా ఉంటుంది. అవతలి చివర నుంచి మొన బయటికి పొడుచుకొస్తే వేళ్లూ వైర్లూ కాలతాయి. 25 వాట్ల సన్న ఐరన్‌కు కొన్న స్టాండు 100 వాట్ల లావు గొట్టానికి సరిపోదు. వేడిని నియంత్రించే పెట్టెతో వచ్చే సోల్డరింగ్ స్టేషన్లలో ఐరన్ పెట్టగానే వేడి తగ్గించే ఏర్పాటు ఉంటే, దాని స్టాండే వాడాలి. వేరేదాంట్లో పెడితే అది పనిచేయదు.

ప్రశ్న: మరి మొనకు టంకం పూత పూయడాన్ని టిన్నింగ్ అంటారు కదా, దానికి?

జవాబు: కళాయి. ఇంతకంటే మంచి మాట దొరకదు. స్టాండులో పెట్టేముందు మొనకు కొత్త టంకం పూయాలి, తుడవడం మళ్లీ చేతిలోకి తీసుకున్నప్పుడు. చాలామంది దీన్ని తిరగేసి, శుభ్రంగా తుడిచి పెడతారు. 350 డిగ్రీల వేడిలో ఉత్త మొన నల్లబడుతుంది, ఆపైన టంకం అంటుకోకుండా ఉండలు కట్టి జారిపోతుంది. అయితే కళాయి అనగానే గిన్నెల కళాయికి వాడే నవాసాగరం గుర్తొచ్చేవాళ్లుంటారు. అది సర్క్యూట్ బోర్డు మీద వాడితే రాగి తీగలు తుప్పుపడతాయని, ఎలక్ట్రానిక్స్ పనికి రోజిన్ (పైన్ చెట్ల జిగురు) ఉన్న టంకం తీగే వాడాలని పక్కనే ఒక వాక్యం పెట్టండి.

మరొకరు: స్టాండు మీది స్పాంజి తడిపితే ఉబ్బే సెల్యులోజ్ రకం కావాలి. మామూలు ఫోమ్ కరిగి మొనకు అంటుకుంటుంది. నీళ్లు కారకుండా పిండి పెట్టాలి, మరీ తడిగా ఉంటే మొన ఒక్కసారిగా చల్లబడుతుంది. ఇత్తడి పీచు ఉన్న స్టాండు దొరికితే అదే నయం, చల్లదనం తగలదు. దాని బదులు గిన్నెలు తోమే స్టీలు పీచు పెట్టకూడదు, పూత గీసుకుపోతుంది.

ప్రశ్న: సరేనండీ. స్టాండు, స్ప్రింగు, పీట, మొన, పిడి, కళాయి. ఈ ఆరు మాటలతోనే పేజీ తిరగరాస్తాం.

జవాబు: బొమ్మలో మొన స్ప్రింగుకు తగలనట్టు స్పష్టంగా గీయించండి.