వారం వంటలు ముందే రాసుకోవడం: ఆదానా, ఇంకో చాకిరీనా?

వంటింటిపద్దు (చర్చ మొదలుపెట్టినవారు)

మా ఇంట్లో నలుగురం. ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. ఆరు నెలలుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం కూర్చుని, వారం మొత్తానికి ఏ రాత్రి ఏం వండాలో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటిస్తున్నాను. దాన్నిబట్టే సామాన్ల జాబితా, వారానికి ఒక్కసారే బజారు. ఇంతకుముందు వారంలో నాలుగుసార్లు కొట్టుకు పరిగెత్తేదాన్ని. కావలసింది ఒకటైతే సంచిలో పడేవి ఐదు. ఇప్పుడది పోయింది. సాయంత్రం ఇంటికి రాగానే "ఈ పూట ఏం చెయ్యాలి" అని తల పట్టుకోవడం కూడా పోయింది. నా దృష్టిలో ఇది డబ్బుకూ సమయానికీ రెండింటికీ ఆదా.

మా ఆయన ఒప్పుకోరు. "ఖర్చు తగ్గిన మాట నిజమే. కానీ నీ ఆదివారం సగం దానికే పోతోంది. ఆ గంటల్ని లెక్కలో వేశావా?" అంటారు. నాకు జవాబు దొరకలేదు. మీ ఇళ్లల్లో ఎలా ఉంది? ముందే రాసుకుంటే నిజంగా మిగులుతోందా, పని ఒక రోజు నుంచి ఇంకో రోజుకు జరుగుతోందా? అనుభవం మీద చెప్పండి.

లెక్కతేలాలి

మిగులుతుంది. నాకు సందేహం లేదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఆహార వృథా మీద ఒక నివేదిక ఇచ్చింది. 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల ఆహారం చెత్తపాలైందని అందులో అంచనా. అందులో 60 శాతం హోటళ్లలోనో దుకాణాల్లోనో కాదు, ఇళ్లల్లో. మనిషికి ఏడాదికి సగటున 79 కిలోలు. నలుగురున్న ఇంటికి వేసుకుంటే 300 కిలోలు దాటుతుంది. అదంతా మనం డబ్బు పెట్టి కొని, మోసుకొచ్చి, కడిగి, చివరికి పారేసింది. అందులో పావు వంతు ఆగినా వారానికి ఒక గంట కూర్చోవడం దండగ కాదు.

రాత్రిషిఫ్ట్

నా అనుభవం దీనికి పూర్తిగా ఎదురు. నాది మారే షిఫ్టుల ఉద్యోగం. ఇంట్లో నేను, అమ్మ, బాబు. ఏడు రాత్రులకు ఏడు రకాలు రాసి అన్నింటికీ సరిపడా కొన్నాను. ఒక రోజు డ్యూటీ పొడిగించారు. ఇంకో రోజు బాబుకు జ్వరం, ఏదీ ముట్టలేదు. మూడో రోజు ముందురోజుది మిగిలితే అదే తిందాం అంది అమ్మ. ఏడింటిలో వండింది నాలుగే. మిగతా మూడింటికోసం తెచ్చిన కూరగాయలు మెత్తబడి చెత్తబుట్టలోకి వెళ్లాయి. రాసుకోకపోయి ఉంటే అవి కొనేదాన్నే కాదు. కాబట్టి ఆ వృథాకు కారణం నా ప్లానే.

ఇంకో మాట. లెక్కతేలాలి గారూ, ఆ 79 కిలోల్లో తొక్కలు, ఎముకలు, టెంకలు కూడా కలిసే ఉన్నాయి. ఎంత జాగ్రత్తగా రాసుకున్నా అరటితొక్క బరువు తగ్గదు కదా.

లెక్కతేలాలి

నిజమే, తినలేని భాగాలు కూడా ఆ లెక్కలో ఉన్నాయి. ముందే చెప్పాల్సింది. అయినా తొక్కలు పక్కన పెట్టి మీ ఇంటి చెత్తబుట్టనే ఒక వారం చూడండి. వాడిపోయిన కట్టలు, సగం తిని వదిలేసిన గిన్నెలు ఎన్ని కనిపిస్తాయో.

పొయ్యిదగ్గర

రాత్రిషిఫ్ట్ గారూ, తప్పు ప్లాన్‌ది కాదు, ఏడు అనే అంకెది. ఏ ఇంట్లోనూ ఏడు రాత్రులూ అనుకున్నట్టు జరగవు. నేను నాలుగే రాస్తాను. మిగతా మూడు ఖాళీ. ఒకటి మిగిలినవి తినడానికి, ఒకటి బయటికి వెళ్లాల్సి వస్తేనో ఎవరైనా వస్తేనో ఉంటుందని, ఇంకొకటి ఓపిక లేని రోజుకు.

రెండోది, నేను ఫలానా రోజుకు ఫలానా వంట అని కట్టను. సోమవారం ఇది, మంగళవారం అది అని రాసుకుంటే ఒక్క రోజు తప్పగానే మొత్తం తారుమారు. ఏది ముందు పాడవుతుందో ఆ వరుసలో రాస్తాను. ఆకుకూరలు, పుట్టగొడుగులు, బాగా పండిన టమాటాలు బజారుకు వెళ్లొచ్చిన మొదటి రెండు రోజుల్లో అయిపోవాలి. వంకాయ, బీన్స్ లాంటివి ఆ తర్వాత. క్యాబేజీ, క్యారెట్ వారం ఆగుతాయి. చివరి రోజులకు బంగాళదుంపలు, ఉల్లిపాయలు, గుడ్లు, ఎండు గింజలు. చివరి రెండు రోజులూ తప్పిపోయినా ఇవి ఎక్కడికీ పోవు, వచ్చే వారానికి పనికొస్తాయి. మీరు పారేసిన మూడు కూరలూ ఈ చివరి వరుసలోవే అయి ఉంటే చెత్తబుట్టకు ఏమీ వెళ్లేది కాదు.

అన్నిటికన్నా ముందు, కాగితం తీసుకునే ముందే ఫ్రిజ్, డబ్బాలు తెరిచి చూడాలి. చాలామంది ఏం తినాలనిపిస్తోందో దానితో మొదలుపెట్టి రాస్తారు. ఇంట్లో ఏం ఉందో దానితో మొదలుపెడితే జాబితా సగానికి తగ్గుతుంది. నా మటుకు డబ్బు మిగిలేది అక్కడే.

గోరువెచ్చగా

ఆదివారం ఒక్కరోజే వారానికి సరిపడా వండేసి పెట్టుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లకోసం ఒక హెచ్చరిక. వండినది బయట రెండు గంటలకు మించి ఉంచొద్దని, ఫ్రిజ్‌లో 5 డిగ్రీల లోపు పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఫ్రిజ్‌లో పెట్టినా మూడు నాలుగు రోజులే. ఆదివారం వండింది శుక్రవారం తినడం ఆదా కాదు, ప్రమాదం. గురువారం, శుక్రవారాలకు ఉద్దేశించినది ఆదివారమే మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లోకి వెళ్లాలి.

అన్నం విషయంలో ఇంకా జాగ్రత్త. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గది వేడిలో ఉండిపోతే అవి పెరిగి విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. పెద్ద గిన్నెలో వదిలేయకుండా వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరిచి త్వరగా చల్లార్చి లోపల పెట్టండి. నేను వండి పెట్టుకోవడం మానేశాను. తరగడం, కడగడం, నానబెట్టడం మాత్రం ముందే చేస్తాను. సాయంత్రం అరగంట అక్కడే కలిసొస్తుంది.

మూడోచెయ్యి

ఇందాకటి నుంచి అందరూ డబ్బు, కూరగాయలు అంటున్నారు. వంటింటిపద్దు గారి భర్త అడిగిన ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు. ఆ ఆదివారం ఎవరిది?

ఆలిసన్ డామింజర్ అనే సామాజిక శాస్త్రవేత్త 2019లో ఇంటి పనిలో ఆలోచన భాగం మీద ఒక పరిశోధన ప్రచురించారు. అమెరికాలో 35 జంటలను కూర్చోబెట్టి అడిగారు. ఆ ఆలోచనను నాలుగు దశలుగా విడదీశారు. ఏం అవసరం పడుతుందో ముందే ఊహించడం, దారులు వెతకడం, నిర్ణయించడం, అనుకున్నది జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండడం. నిర్ణయం దగ్గర భార్యాభర్తలిద్దరూ ఉంటున్నారట. మొదటిదీ చివరిదీ మాత్రం ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతున్నాయి. "రేపు ఏం వండుదాం" అని అడిగితే "నీ ఇష్టం" అనడంతో ఒకరి వంతు అయిపోతుంది. నూనె అడుగంటుతోందని గమనించడం, పిల్లవాడు మూడు రోజులుగా కూరగాయలు వదిలేస్తున్నాడని చూడడం, ఫ్రీజర్ నుంచి రాత్రే తీసి పెట్టడం ఏ కాగితం మీదా ఉండవు. నేను రాయడం మొదలుపెట్టాక నా పని పెరిగింది. వంట ఎలాగూ నాదే. ఇప్పుడు కాగితం కూడా నాదే. అది తప్పితే "నువ్వే కదా రాశావు" అన్న మాట కూడా నాకే.

ఇద్దరిపిల్లలనాన్న

మూడోచెయ్యి గారూ, మీ మాట నాకు తగిలింది. మా ఇంట్లో నేను వండుతాను, రోజు విడిచి రోజు. నా వంతు నేను చేస్తున్నాను అనుకునేవాణ్ణి. కానీ నేను వండేది ఎప్పుడూ తను చెప్పినదే. సామాన్లు తను తెప్పించినవే.

పెద్దవంటిల్లు

నాకు అరవై ఎనిమిదేళ్లు. నలభై ఏళ్లకు పైగా ఎనిమిది మందికి వండాను. ఏ రోజూ కాగితం మీద రాయలేదు. రాయలేదని ప్లాన్ లేదనుకోకండి. సంచిలో ఇంకా ఎన్ని రోజులకు ఉంది, ఏది ముందు వాడాలి, ఎవరికి ఏది పడదు, అంతా నా బుర్రలోనే ఉండేది. అది నాకు గర్వంగా కూడా ఉండేది.

ఒకసారి నాకు ఆపరేషన్ అయి మూడు వారాలు మంచం దిగలేదు. ఇంట్లో అందరూ చేతులున్నవాళ్లే, ప్రేమ ఉన్నవాళ్లే. కానీ ఏ డబ్బాలో ఏముందో, ఎంత పోస్తే ఎంతమందికి సరిపోతుందో ఒక్కరికీ తెలియదు. ప్రతి పూటా మంచం దగ్గరికి వచ్చి అడిగేవారు. రెండో వారానికి అడగడం మానేసి బయట నుంచి తెప్పించుకున్నారు. ఆ నెల ఖర్చు సంగతి అలా ఉంచండి, నాకు కష్టమనిపించింది వేరు. ఇన్నేళ్లు నేను చేసింది నాతోనే ఉండిపోయింది.

అమ్మా వంటింటిపద్దూ, కాగితం డబ్బు మిగులుస్తుందో లేదో నేను చెప్పలేను. నీ తలలో ఉన్నది ఇంకొకరు చదవగలిగేలా చేస్తుంది. అందుకు రాయి. కానీ ఎప్పుడూ నువ్వే రాయకు.

రాత్రిషిఫ్ట్

పెద్దమ్మా, ఇది చదివాక మా అమ్మను కూర్చోబెట్టి అడిగి రాసుకుంటున్నాను. వారం ప్లాన్ కాదు, ఏది ఎంత పొయ్యాలి, ఏది ఎన్ని రోజులు ఆగుతుంది అన్నది. ఏడు రాత్రుల పట్టిక మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు.

వంటింటిపద్దు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం పెన్ను మా ఆయన చేతికిచ్చాను. పొయ్యిదగ్గర గారు చెప్పినట్టు నాలుగు రాత్రులకే రాయమన్నాను. ఇరవై నిమిషాల్లో రాసేశారు. ఫ్రిజ్ తెరవకుండా రాశారు. లోపల రెండు కట్టల ఆకుకూర ఉండగానే ఇంకో రెండు కట్టలు తెచ్చారు. ముందు తెరిచి చూడమని చెప్పాలా? చెబితే గమనించే పని మళ్లీ నా దగ్గరికే వస్తుంది. చెప్పకపోతే ఆకుకూర పాడైపోతుంది. ఇప్పటివరకు నోరు మెదపలేదు.

ఇద్దరిపిల్లలనాన్న

చెప్పకండి. మా ఇంట్లో ఇది రెండో వారం. మొదటి వారం నేను పారేసింది నా చేతులతోనే పారేశాను, తను పక్కనే ఉండి ఒక్క మాట అనలేదు. ఈ వారం ముందు ఫ్రిజ్ తెరిచాను.