రాత్రి షిఫ్టులో 4625 అలర్టులు: మూసేయాలా, పైకి పంపాలా?

ప్రశ్న
అందరికీ నమస్కారం. గచ్చిబౌలిలోని ఒక కంపెనీలో సెక్యూరిటీ మానిటరింగ్ బృందంలో కొత్తగా చేరాను. నాది ఎల్1 పని, అంటే అలర్టులను మొదట చూసే అంచె. రాత్రి షిఫ్టులో ఎక్కువగా వచ్చేవి 4625 అలర్టులే, అంటే విండోస్‌లో విఫలమైన లాగిన్లు. ఒక్కోసారి ఒకే ఖాతా మీద నిమిషాల్లో వందలు వచ్చి పడతాయి. ఎవరో పాస్‌వర్డ్ మార్చుకుని పాతది ఎక్కడో వదిలేసి ఉంటారని సీనియర్లు అంటారు. మరి అసలు దాడిని వీటి నుంచి ఎలా వేరు చేయాలి? పై అంచె అయిన ఎల్2 వారిని ఎప్పుడు నిద్ర లేపాలి?

జవాబు
సంఖ్య పెద్దదని కంగారు పడకండి, చిన్నదని వదిలేయకండి. ఒకే ఖాతా మీద ఐదు వందల వైఫల్యాల కన్నా, ఒకే ఐపీ నుంచి అరవై ఖాతాల మీద తలా రెండు ప్రయత్నాలు నన్ను ఎక్కువగా కలవరపెడతాయి. అది పాస్‌వర్డ్ స్ప్రే. ఖాతాలు లాక్ కాకూడదనే రెండేసి ప్రయత్నాలతో ఆపుతారు. ఖాతా వారీగా లెక్కపెట్టే రూల్‌కు అది దొరకదు. అందుకే అలర్టు తెరవగానే, ఆ ఐపీ నుంచి ఎన్ని వేర్వేరు ఖాతాలను ప్రయత్నించారో చూడండి.

తర్వాత సబ్ స్టేటస్ కోడు, అంటే లాగిన్ ఎందుకు విఫలమైందో 4625లో చెప్పే కోడు. చివర 6ఎ ఉంటే ఖాతా ఉంది, పాస్‌వర్డ్ తప్పు. 64 ఉంటే ఆ పేరుతో ఖాతాయే లేదు. 234 ఉంటే ఖాతా అప్పటికే లాక్ అయింది. అడ్మిన్, టెస్ట్, బ్యాకప్ వంటి పేర్లతో 64లు వరుసగా వస్తుంటే, ఎవరో పేర్లను ఊహించి ప్రయత్నిస్తున్నారని అనుమానించాల్సిందే.

రిమోట్ డెస్క్‌టాప్ అంటే లాగాన్ టైపు (లాగిన్ ఏ దారిన వచ్చిందో చెప్పే సంఖ్య) 10 అని ఇంటర్వ్యూల కోసం అందరూ బట్టీ పడతారు. కానీ ఎన్ఎల్ఏ (డెస్క్‌టాప్ తెరుచుకోకముందే పాస్‌వర్డ్ సరిచూసే ఏర్పాటు) ఆన్‌లో ఉన్న యంత్రంలో విఫలమైన ప్రయత్నం టైపు 3గా, అంటే నెట్‌వర్క్ లాగిన్‌గా నమోదవుతుంది. 10 కోసమే వెతికితే ఏమీ దొరకదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ వైఫల్యాల తర్వాత అదే ఐపీ నుంచి 4624, అంటే విజయవంతమైన లాగిన్ వచ్చిందా అన్నది. తెలియని ఐపీ నుంచి వచ్చి ఉంటే ఇక ఆలోచించవద్దు, ఫోను చేయండి. అవతలివారు ఎత్తేలోగా 4720 అంటే కొత్త ఖాతా, 1102 అంటే లాగ్ తుడిచివేత ఉన్నాయేమో చూడండి. రాత్రి 2 గంటలకు లేపినందుకు కోప్పడే లీడ్ ఉంటే అది ఆయన లోపం, మీది కాదు. మన దేశంలోని సంస్థలు అనధికార ప్రవేశం వంటి ఘటనలను గమనించిన 6 గంటల్లో తనకు తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. ఉదయం షిఫ్టుకు వదిలేస్తే ఆ గడువు అక్కడే కరిగిపోతుంది.

ప్రశ్నించినవారు
చాలా ధన్యవాదాలండీ. ఒక ఖాతా రోజూ లాక్ అవుతోంది, కానీ మా సీమ్‌లో (అన్ని యంత్రాల లాగులనూ ఒకచోట చేర్చి చూపే వ్యవస్థలో) దానికి 4625 ఒక్కటీ కనబడడం లేదు. అదెలా?

మరొకరి జవాబు
4625 నమోదయ్యేది ప్రయత్నం జరిగిన యంత్రంలో. ఆ యంత్రం లాగులు మీకు రాకపోతే కనబడదు. డొమైన్ కంట్రోలర్‌లో (కంపెనీ ఖాతాల లాగిన్లను సరిచూసే సర్వర్‌లో) 4740 తెరవండి, అది ఖాతా లాక్ అయినప్పటి నమోదు, లాక్‌కు కారణమైన కంప్యూటర్ పేరు అందులో ఉంటుంది. అక్కడే లాగిన్‌ను సరిచూసే రెండు పద్ధతుల్లో కెర్బరోస్ వైఫల్యాలకు 4771, ఎన్‌టీఎల్ఎంకు 4776 చూడండి. టైము విషయంలో జాగ్రత్త. లాగులు యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటే మన రాత్రి 2 గంటలు అక్కడ ముందు రోజు 20:30 అవుతుంది. తేదీ మారిపోతే తప్పుడు రోజు లాగులు తవ్వుతూ కూర్చుంటారు.

టికెట్ మూసేటప్పుడు ఫాల్స్ పాజిటివ్ (దాడి కాని అలర్టు) అని మాత్రమే రాయకండి. ఏ యంత్రం, ఏ కోడు, పాస్‌వర్డ్ ఎప్పుడు మారింది, 4624 చూశారా లేదా, ఈ నాలుగూ రాయండి. రేపు అదే అలర్టు తెరిచేవారికి గంట పని తగ్గుతుంది.

ప్రశ్నించినవారు
4740లో ఒక పాత సర్వర్ పేరు దొరికింది. అందులో ఒక షెడ్యూల్డ్ టాస్క్ (నిర్ణీత వేళకు తనంతట నడిచే పని) ఇంకా పాత పాస్‌వర్డ్‌తోనే నడుస్తోంది. సర్వర్ బృందానికి టికెట్ పంపాను. ఆ సర్వర్ లాగులు సీమ్‌కు ఎందుకు రావడం లేదో అడుగుతూ ఇంకొకటి వేశాను.