రాయితీ దరఖాస్తుకు పది శాతం కమీషన్ ఇచ్చి మధ్యవర్తిని పెట్టుకోవడం సబబేనా?

తెనాలి గృహిణి:

అందరికీ నమస్కారం. మేము తెనాలి దగ్గర ఒక పల్లెలో నాలుగేళ్ళుగా ఇంటి దగ్గరే కారం, పసుపు, సాంబారు పొడి పట్టి చుట్టుపక్కల దుకాణాలకు వేస్తున్నాము. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్, చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యం నమోదు రెండూ ఉన్నాయి. ఇప్పుడున్న చిన్న మర పచ్చళ్ళ కాలంలో చాలడం లేదు కాబట్టి పెద్ద పల్వరైజరు (పొడి పట్టే మర), వేయించే యంత్రం, ప్యాకింగ్ మెషీన్ కొనాలనుకున్నాము. అన్నీ కలిపి 8 లక్షలకు కొటేషన్ వచ్చింది. ఒక కన్సల్టెంటు గారు పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) కింద 35 శాతం రాయితీ ఇప్పిస్తానని, దరఖాస్తు, ప్రాజెక్టు రిపోర్టు, బ్యాంకు పని అంతా తానే చూసుకుంటానని, అందుకు రాయితీలో పది శాతం, అంటే 28,000 రూపాయలు ఇవ్వాలని, అందులో 15,000 ముందే కట్టాలని అడుగుతున్నారు. మా వారు ఇచ్చేద్దామంటున్నారు. మా మామయ్యగారు మాత్రం ప్రభుత్వ పథకానికి మధ్యలో ఎవరికో డబ్బు ఎందుకు కట్టాలంటున్నారు. ఇంట్లో తేలలేదు. ఈ దారిలో నడిచినవారు తమ అభిప్రాయం చెప్పగలరని మనవి.

విశ్రాంత బ్యాంకు అధికారి:

అమ్మా, మీరు అడిగిన ప్రశ్నకంటే ముందు తేల్చుకోవలసింది మరొకటి ఉంది. పీఎంఈజీపీలో ఈ 35 శాతం రాయితీ కొత్తగా పెట్టబోయే యూనిట్లకు మాత్రమే వర్తిస్తుంది. నాలుగేళ్ళుగా నడుస్తూ, ఉద్యం నమోదు కూడా ఉన్న యూనిట్‌ను కొత్తదిగా చూపించి దరఖాస్తు పెడితే, అది పరిశీలనలోనే తిరిగి రావచ్చు. ఒకవేళ దాటిపోయినా, తరువాత యూనిట్‌ను చూడటానికి వచ్చినప్పుడు బయటపడితే రాయితీ మొత్తం వెనక్కి పోతుంది. ఈ సంగతి తెలియకుండానే ఆయన 15,000 అడిగారంటే ఆ పని ఆయనకు రాదని అర్థం. తెలిసి అడిగారంటే మరీ ప్రమాదం.

మీకు సరిపోయేది సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం, అందరూ పీఎంఎఫ్‌ఎంఈ అంటారు. 2020 జూన్ 29న మొదలైంది. ఇది పాత యూనిట్ల విస్తరణకూ, కొత్త యూనిట్లకూ వర్తిస్తుంది. అర్హమైన ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, బ్యాంకు రుణంతో ముడిపెట్టి రాయితీ ఇస్తారు. మీ వంతు కనీసం 10 శాతం ఉండాలి. మీ లెక్కలో 80,000 మీది, 7 లక్షల 20 వేలు బ్యాంకు రుణం, 2 లక్షల 80 వేలు రాయితీ. నిధులు, గడువు ప్రస్తుతం ఎలా ఉన్నాయో ఆ పథకం జిల్లా కార్యాలయంలో ముందుగా కనుక్కోండి.

ఇక కమీషన్ సంగతి. చాలామంది రాయితీ అంటే చేతికి వచ్చే సొమ్మనుకుంటారు. ఆ డబ్బు మీ చేతికి రాదు. రుణం ఇచ్చిన బ్యాంకులోనే మీ పేరున వేరే ఖాతాలో ఉంటుంది. చివరి విడత రుణం విడుదలైన నాటినుంచి మూడేళ్ళపాటు యూనిట్ నడుస్తూ, ఖాతా మొండిబాకీ కాకుండా ఉంటేనే దాన్ని రుణంలో సర్దుతారు. పీఎంఈజీపీలోనూ మూడేళ్ళ నిబంధనే. మూడేళ్ళ తరువాత రుణంలో తగ్గబోయే మొత్తానికి ఈ రోజే, చేతిలో ఉన్న 80,000 లోంచి 28,000 తీసి కమీషన్ కట్టడమంటే, యంత్రానికి పెట్టవలసిన సొంత పెట్టుబడిలో మూడో వంతుకు పైగా వేరేచోట పోయినట్టే. కాబట్టి మీ మామయ్యగారి మాటే నాది.

ఉట్నూరు యువకుడు:

పెద్దలు చెప్పిన లెక్క తప్పని నేను అనడం లేదు, కానీ ఆ లెక్క బ్యాంకు కౌంటరుకు లోపలివైపు కూర్చున్నవారి లెక్క. మాది ఆదిలాబాద్ జిల్లా ఏజెన్సీ ప్రాంతం. విస్తరాకుల యూనిట్ కోసం పీఎంఈజీపీ కింద నేను స్వయంగా దరఖాస్తు పెట్టాను. గిరిజనులకు గ్రామీణ ప్రాంతంలో 35 శాతం రాయితీ, సొంత వాటా 5 శాతమే కాబట్టి మాలాంటివారికి అంతకంటే మంచి పథకం లేదు. పోర్టల్లో నా దరఖాస్తు బ్యాంకుకు పంపినట్టు కనిపించింది. బ్యాంకులో మాత్రం మాకు రాలేదన్నారు, తరువాత చూస్తామన్నారు, ఆ తరువాత ఈ ఏడాది లక్ష్యం పూర్తయిందన్నారు. వెళ్ళిన ప్రతిసారీ ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు పోయాయి. ఎనిమిది నెలల తరువాత నిరాకరించినట్టు పోర్టల్లో ఒక్క ముక్క కనిపించింది, కారణం లేదు.

మరుసటి ఏడాది అదే యూనిట్‌కు, అదే బ్యాంకులో, ఒక మధ్యవర్తి ద్వారా పెట్టాను. రెండు నెలల్లో మంజూరైంది. నేను 20,000 ఇచ్చాను. ఈ రోజు నా యూనిట్ నడుస్తోంది, ముగ్గురు పనిచేస్తున్నారు. ఆ 20,000 ఇవ్వడం తప్పని చెప్పేవారు, ఇవ్వకుండా నేను కోల్పోయిన ఆ మొదటి ఏడాదికి ఎవరు జవాబు చెబుతారో కూడా చెప్పాలి. తెనాలి అక్కగారు తెలిసిన ఊళ్ళో, నాలుగేళ్ళ వ్యాపారంతో ఉన్నారు. వారికి సొంతంగా సాధ్యం కావచ్చు. ఆ సలహానే అందరికీ సూత్రంగా చెప్పవద్దని నా విన్నపం.

చార్టర్డ్ అకౌంటెంట్, విజయవాడ:

నా వృత్తిలో ఇది భాగం కాబట్టి నా మాటలో పక్షపాతం ఉందనుకుంటే అనుకోవచ్చు. ప్రాజెక్టు రిపోర్టు రాయడం పని. పనికి రుసుము తీసుకోవడంలో తప్పు లేదు. అయిదేళ్ళ ఆదాయ వ్యయాల అంచనా, నగదు రాకపోకలు, వచ్చే ఆదాయం వాయిదాలకు ఎన్ని రెట్లు సరిపోతుందో చూపే డీఎస్‌సీఆర్, ఇవన్నీ బ్యాంకు అడిగే రూపంలో తయారు చేయడం అందరికీ వచ్చే విద్య కాదు. చిన్న యూనిట్‌కు నేను నిర్ణీత రుసుము తీసుకుంటాను, రుణం మంజూరైనా కాకపోయినా అంతే.

శాతం లెక్కన తీసుకునే కమీషన్ వేరు, అసలు హాని అక్కడే మొదలవుతుంది. కమీషన్ రాయితీ మీద ఆధారపడితే, రాయితీ పెరగాలని కోరుకునేది మధ్యవర్తి. రాయితీ పెరగాలంటే ప్రాజెక్టు ఖర్చు పెరగాలి. అప్పుడు 8 లక్షల యంత్రాలకు 12 లక్షల కొటేషన్ తయారవుతుంది, డీలరు మిగతాది నగదుగా తిరిగి ఇస్తాడని చెబుతారు. కాగితం మీద ఆశగానే కనిపిస్తుంది: రాయితీ 2 లక్షల 80 వేల నుంచి 4 లక్షల 20 వేలకు పెరిగింది. కానీ రుణం 10 లక్షల 80 వేలవుతుంది. మూడేళ్ళ తరువాత రాయితీ సర్దగా మీ మెడమీద మిగిలే అప్పు భారం, 8 లక్షల ప్రాజెక్టులో 4 లక్షల 40 వేలు ఉండవలసింది, 6 లక్షల 60 వేలవుతుంది. యంత్రం మాత్రం అదే, అది పట్టే కారం అదే. పైగా అది మోసం. పత్రాల మీద సంతకం మీది, మధ్యవర్తిది కాదు. ఇలా పెంచిన రిపోర్టును సరిచేసి ఇమ్మని నా దగ్గరికి వచ్చినవారున్నారు. అప్పటికే రుణం విడుదలైపోయింది, నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఆ దంపతుల ముఖాలు ఇంకా గుర్తున్నాయి.

కాబట్టి నా అభిప్రాయం ఇది: పనికి రుసుము ఇవ్వండి, రసీదు తీసుకోండి, రాయితీలో వాటా ఎవరికీ ఇవ్వవద్దు.

పొదుపు సంఘం సభ్యురాలు, వనపర్తి:

పీఎంఎఫ్‌ఎంఈలో మధ్యవర్తి చేస్తానంటున్న పనికి ప్రభుత్వమే మనిషిని పెట్టి డబ్బు చెల్లిస్తోందని ఇంకా ఎవరూ చెప్పలేదు. జిల్లా రిసోర్స్ పర్సన్ అంటారు, మేము డీఆర్‌పీ అంటాము. ప్రాజెక్టు రిపోర్టు, బ్యాంకు రుణం, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, జీఎస్‌టీ నమోదులలో సాయపడటమే వారి పని. మంజూరైన ఒక్కో రుణానికి పథకం నుంచే వారికి 20,000 రూపాయలు ఇస్తారు: సగం రుణం మంజూరయ్యాక, మిగతా సగం నమోదులు, శిక్షణ వంటివి పూర్తయ్యాక. దరఖాస్తుదారు వారికి ఒక్క రూపాయి ఇవ్వనక్కరలేదు. మా సంఘంలో ఇద్దరు అప్పడాలు, జొన్నరొట్టెల యూనిట్లకు ఇలాగే వెళ్ళారు. అంతకుముందు మా సభ్యులు ఇదే పథకంలో సంఘాలకిచ్చే తొలి పెట్టుబడి (సీడ్ క్యాపిటల్), సభ్యురాలికి 40,000 వరకు, సమాఖ్య ద్వారా తీసుకుని గిన్నెలు, సీలింగ్ మెషీన్లు కొన్నారు. అది సభ్యురాలికి అప్పుగా వస్తుంది, తిరిగి కడితే సంఘంలోనే తిరుగుతుంది. తెనాలి వదినగారు ఏదైనా పొదుపు సంఘంలో ఉంటే ఆ దారి కూడా చూడవచ్చు.

ఒక లోపం ఒప్పుకోవాలి. డీఆర్‌పీకి సొమ్ము వచ్చేది మంజూరయ్యాకే కాబట్టి, సులువుగా తేలే దరఖాస్తుల వెంట వారు ముందు పడతారు. మా ఇద్దరిలో ఒకరికి ఫోను ఎత్తడానికే నెల పట్టింది. మేము జిల్లా కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగాక వేరే డీఆర్‌పీని ఇచ్చారు. నోటిమాటగా అడిగినన్నాళ్ళూ పని జరగలేదు.

విశ్రాంత బ్యాంకు అధికారి:

ఉట్నూరు తమ్ముడు అన్న మాట నన్ను ఆలోచింపజేసింది. అవును, నేను కౌంటరుకు లోపలివైపు ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాను, అందుకే ఒక నిజం ఒప్పుకుంటాను. ముగ్గురు సిబ్బంది ఉన్న గ్రామీణ శాఖలో, తెలిసినవారు తెచ్చిన పూర్తి ఫైలు ముందు కదులుతుంది, ఒంటరిగా వచ్చినవారి అసంపూర్తి ఫైలు అడుగున పడుతుంది. ఇది లంచం లేకుండా కూడా జరుగుతుంది. అన్యాయమే.

అయినా మీ చేతిలో కొన్ని ఆయుధాలున్నాయి, వాటిని మధ్యవర్తులు ఎప్పుడూ చెప్పరు. దరఖాస్తు అందినట్టు రసీదు ఇవ్వాలని, నిరాకరిస్తే ముఖ్య కారణాలు రాతపూర్వకంగా తెలపాలని రిజర్వు బ్యాంకు న్యాయ వ్యవహార నియమావళిలోనే ఉంది. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 10 లక్షల వరకు రుణానికి తాకట్టు అడగకూడదన్నది కూడా రిజర్వు బ్యాంకు ఏనాడో చెప్పిన మాట. మీ విషయంలో జరిగినట్టు కారణం చెప్పకుండా తిప్పితే, ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు సమీకృత అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) పథకం కింద ఉచితంగా వెళ్ళవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి: అప్పు ఇవ్వాలా వద్దా అన్న బ్యాంకు వ్యాపార నిర్ణయాన్ని అంబుడ్స్‌మన్ మార్చరు. రసీదు ఇవ్వలేదు, కారణం చెప్పలేదు, నెలల తరబడి జవాబు లేదు, ఇలాంటి సేవా లోపాలనే చూస్తారు. ఫిర్యాదును ఆ మాటల్లోనే రాయాలి.

ఉట్నూరు యువకుడు:

ధన్యవాదాలు సార్. రసీదు అడగాలని అప్పుడు నాకు చెప్పినవారు లేరు. అయినా నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. ఫిర్యాదు చేసి, జవాబు కోసం చూసి, మళ్ళీ అదే శాఖకు వెళ్ళి అదే అధికారి ముందు చేతులు కట్టుకుని నిలబడవలసింది నేనే కదా. మా ఊరికి దగ్గరలో రెండో బ్యాంకు లేదు. ఆ భయం ఉన్నంతకాలం మధ్యవర్తికి గిరాకీ తగ్గదు. పీఎంఈజీపీకి ఏజెంట్లెవరినీ నియమించలేదని, ఎవరికీ డబ్బు ఇవ్వవద్దని ఆ పథకం నడిపే ఖాదీ కమిషన్ పోర్టల్లోనే హెచ్చరిక ఉంది. నేను అది చదివి కూడా ఇచ్చాను. చార్టర్డ్ అకౌంటెంట్ గారి ఒక్క మాటకు మాత్రం తలవంచుతాను: నా మధ్యవర్తి కూడా ఖర్చు పెంచి రాద్దామన్నాడు. మా నాన్న వద్దన్నాడు కాబట్టి బతికిపోయాను.

తెనాలి గృహిణి:

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. ఈ మధ్యలో రెండు పనులు చేశాను. కన్సల్టెంటు గారిని నమూనాగా ఒక ప్రాజెక్టు రిపోర్టు చూపించమంటే, వేరే ఎవరికో చేసిన కారం మిల్లు రిపోర్టు పంపారు. అందులో పన్నెండు నెలలూ నెలకు ఒకే మొత్తంలో ఎండుమిర్చి కొన్నట్టు ఉంది. గుంటూరు యార్డుకు సరుకు పోటెత్తేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు. మేము ఏడాది సరుకంతా ఆ నెలల్లోనే కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాము. మాకు డబ్బు అవసరమయ్యేది ఆ మూడు నెలల్లో. ఆ రిపోర్టు మీద సంతకం పెట్టి బ్యాంకుకు వెళ్ళి ఉంటే, మేనేజరు గారు అడిగే మొదటి ప్రశ్నకే నా దగ్గర జవాబు ఉండేది కాదు.

రెండోది, జిల్లా కార్యాలయానికి వెళ్ళి డీఆర్‌పీ పేరు రాయించుకున్నాను, దరఖాస్తు కోసం అడిగినట్టు రసీదు తీసుకున్నాను. సోమవారం రమ్మన్నారు. మా నాలుగేళ్ళ అమ్మకాల పుస్తకాలు, దుకాణాలవారి బిల్లులు, కోల్డ్ స్టోరేజీ రసీదులు సంచిలో సర్దుకున్నాము. అకౌంటెంట్ గారికి ఒక ప్రశ్న: మిర్చి కొనుగోలుకు కావలసిన వర్కింగ్ క్యాపిటల్‌ను యంత్రాల రుణంతో కలిపి అడగాలా, వేరుగా క్యాష్ క్రెడిట్ ఖాతా (అవసరమైనప్పుడు తీసుకుని, అమ్మకాలు వచ్చాక కట్టే అప్పు) అడగాలా?

చార్టర్డ్ అకౌంటెంట్, విజయవాడ:

వేరుగా అడగండి అమ్మా. యంత్రాలకు టర్మ్ లోన్, మిర్చికి క్యాష్ క్రెడిట్. యంత్రం అప్పు ఏళ్ళ తరబడి తీరుతుంది, మిర్చి అప్పు అమ్మకాలతో పాటే ఏడాదిలో తీరిపోవాలి. రెండింటినీ ఒకే వాయిదాలో కలిపితే సరుకు లేని నెలల్లో కూడా పూర్తి భారం పడుతుంది. మీ కోల్డ్ స్టోరేజీ రసీదులను తారీఖుల వారీగా ఒక కాగితం మీద రాసి రిపోర్టుకు జతచేయండి, ఏ నెలలో ఎంత కావాలో మేనేజరు గారికి దానితోనే తెలుస్తుంది.